మీ అమ్మ రాయి మీద మూడాకులు

మాంట్సెరాట్ దీవి, మంగళవారం

అమ్మా ఎస్టెల్, నా ఆరోగ్యం బాగానే ఉంది, బెంగపడకు. నిన్న మీ అమ్మ సమాధి రాయి చూశాను. ఆమె పేరు పక్కన ఐర్లండు వాళ్ళ మూడు రెక్కల ఆకు చెక్కి ఉంది. మనం అడగలేదు.

రాయి చెక్కిన డెస్మండ్‌ని నిలదీశాను. "మీ ఇంటిపేరు ఫారెల్ అంటే ఐర్లండు పేరే గదా మాస్టారూ. టూరిస్టులు ముచ్చటపడతారు. ఆకు ఊరికే వేశాలెండి" అన్నాడు.

"ఫారెల్ మా తాత తాతను బానిసగా కొన్నవాడి పేరురా. పశువుకి వాత పెట్టినట్టు పెట్టాడు. పేరు ఎలాగూ వదల్లేదు. ఆకు కూడా మోయాలా ఆవిడ?" అన్నాను. గొంతు పెద్దదైంది. తగ్గించుకోలేదు.

వాడు తల దించుకున్నాడు. వాడి ఇంటిపేరు స్వీనీ, అదీ అలా వచ్చిందే. ఉలి తెచ్చి ఆకును చెక్కి తీసేశాడు. "రాయి మీదది నేను తీశాను. మన దీవికి వచ్చేవాళ్ళ పాస్‌పోర్టుల మీద కొట్టే ఆకు ముద్ర ఎవరు తీస్తారు మాస్టారూ?" అన్నాడు.

ఆకు పోయిన చోట గుంట మిగిలింది. అక్కడ మీ అమ్మ పుట్టిన ఊరు లాంగ్ గ్రౌండ్ పేరు వేయిద్దామా? ఊరిని అగ్నిపర్వతం తీసుకుంది, పేరైనా ఉంటుంది. నీ మాట తెలియజెయ్యి. మేక పులుసులో అమ్మ లవంగాలు ఎన్ని వేసేది? నాకు కుదరడం లేదు.

వచ్చే నెల నువ్వు దిగగానే నీ పాస్‌పోర్టు మీద ఆ ఆకే ముద్ర కొడతారు. కొట్టనీ. నేరుగా అమ్మ దగ్గరికి రా. అక్కడ ఆకు లేదు.

పిల్లలకు దీవెనలు.

నాన్న