మ మీద గుడి

ఫోన్లు తయారుచేసే కంపెనీలో పెద్ద బాబుగారికి,

ఇస్త్రీ బండి పెట్టుకున్న అమ్మ నమస్కరించి రాసేది. మీరూ మీ పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. నాది కూడబలుక్కుని చదివే చదువు, తప్పులుంటే సర్దుకోండి.

మా చిన్నోడు పోయిన వానాకాలం జ్వరమొచ్చి పోయాడు. వాడికి మీ ఫోన్లంటే ప్రాణం. కొన్నది ఒక్కటీ లేదు. కొత్తది ఎలా ఉంటుందో ముందే ఊహించి మేనమామతో పందెం కట్టడమే వాడి సరదా. ఏటా ఓడేవాడు, ఓడి మామ స్కూటర్ కడిగేవాడు. ఈసారి పందెం కూడా కట్టేసే పోయాడు. మామ మాట మారుస్తాడని వంటింటి గోడ మీద పెన్నుతో రాసి మరీ పెట్టాడు: "వచ్చేది మిడత ఫోన్. నేను గెలిస్తే మామ మీసం తీసెయ్యాలి."

ఒక్కసారైనా వాడు గెలవాలి బాబూ. మిడత ఫోన్ వస్తుందా, రాదా, ఒక్క ముక్క రాయండి.

ఇట్లు,
చిన్నోడి అమ్మ

తా.క. మా తమ్ముడి మీసం గురించి జాలిపడకండి. వాడు పాలు తాగితే సగం అదే తాగేస్తుంది.

*

గౌరవనీయ వినియోగదారునికి,

మీ ఉత్తరం అందింది. మీ ఫోన్ వల్ల కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాము. ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి. రాబోయే ఫోన్ల గురించిన ఊహాగానాలను మేము అవుననము, కాదనము.

భవదీయుడు,
ప్రకటనల అధికారి

తా.క. ఈ జవాబుకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారో తెలపగలరు.

*

బాబుగారికి చిన్నోడి అమ్మ నమస్కారాలు.

మీ జవాబుతో కడుపు నిండింది. అవుననము, కాదనము అన్నారు. మా చిన్నోడూ అంతే. చక్కెర డబ్బా ఖాళీ అయిందేరా అంటే అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు. తిన్నది వాడే. అంటే మిడత ఫోన్ వస్తున్నట్టే.

ఆ మాట బండి దగ్గర అన్నానో లేదో వీధంతా పాకింది. కిందపడితే అదే ఎగిరి జేబులోకి వస్తుందని దర్జీ అంటాడు. గుప్పెడు గడ్డేస్తే చాలు, ఛార్జింగ్ అక్కర్లేదని పాలు పోసే ఆయన. సెలూన్ ఆయనైతే కత్తి నూరి కూర్చున్నాడు. మా తమ్ముడు మాత్రం "మిడతేంటే అక్కా, నీ మొహం" అంటూనే మీసం మీద నుంచి చెయ్యి తియ్యడంలేదు.

ఉంటాను బాబూ,
చిన్నోడి అమ్మ

తా.క. నక్షత్రాలు ఎన్నని అడిగారు. ఇక్కడ మబ్బు పట్టి ఉంది. విడవగానే లెక్కపెట్టి రాస్తాను.

*

అమ్మా,

"మిడత" అన్న మాట మీకెలా తెలిసింది? కిందపడితే పగలకుండా ఎగిరే ఫోన్ మా దగ్గర ఉందని గానీ, దాని పేరు మిడత అని గానీ మేము ఒప్పుకోవడం లేదు. ఆ పేరు మా పెద్దాయన ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు. మీ అబ్బాయికి ఇది ఎవరు చెప్పారో విచారించాలి. అతన్ని వెంటనే మా ముందు హాజరుపరచండి.

ప్రకటనల అధికారి

తా.క. ఈ ఉత్తరం చదివి చించెయ్యండి. చించినట్టు ఉత్తరం రాయండి.

*

బాబుగారికి,

హాజరుపరచమన్నారు. నా చేతిలో ఉంటే మీకంటే ముందు నా ముందే హాజరుపరుచుకునేదాన్ని. మొదటి ఉత్తరంలోనే రాశాను, మీరు చూసుకున్నట్టు లేరు. మీ విచారణకు వాడెప్పుడైనా దొరికితే, పెనం పిడి ఎక్కడ పెట్టాడో అది కూడా అడగండి. ఇంకా గుడ్డతోనే పట్టుకుంటున్నాను.

ఇంకో సంగతి. మీ ఉత్తరం చూసి తమ్ముడు కళ్ళజోడు పెట్టుకుని గోడకు ముక్కు ఆనించాడు. మ మీద ఉన్నది గుడి కాదట. తలకట్టుకు అతుక్కుపోయిన దోమట. గోరుతో గీకితే రాలిపోయింది. చిన్నోడు రాసింది "మడత ఫోన్". పొద్దస్తమానం బట్టలు మడతపెట్టేదాన్ని, నాకు తట్టలేదు చూడండి. పందెం రాసిన రోజు ఆ దోమను కొట్టింది తనేనని తమ్ముడు గొప్పగా చెప్పుకుంటున్నాడు.

మీ దగ్గరున్నది మిడత. వాడన్నది మడత. మళ్ళీ ఓడాడు నా బిడ్డ. మీరు ఎవర్నీ విచారించకండి, తప్పంతా దోమది.

చిన్నోడి అమ్మ

తా.క. మీ ఉత్తరం చించాను. మీకు నమ్మకం కుదరాలని ముక్కలు ఇందులోనే పెట్టాను.

*

అమ్మగారికి నమస్కారాలు.

మీ మొదటి ఉత్తరం ఇవాళ మొత్తం చదివాను. వచ్చిన రోజే చదవాల్సింది. క్షమించండి.

మీ వీధిలో పుట్టిన మాట మా పోటీ కంపెనీ దాకా పాకింది. వాళ్ళు "మిడతల మందు" అని ఒక ఫోన్ తెస్తామన్నారు. పేరు మార్చి తీరాలని మా పెద్దాయన పట్టుబట్టారు. అప్పటికే బ్యానర్లూ అట్టపెట్టెలూ అచ్చయి కూర్చున్నాయి, మళ్ళీ వేయించే వ్యవధి లేదు. అందరూ తలలు పట్టుకుంటే నాకు మీ దోమ గుర్తొచ్చింది. ఆఫీసంతా నేల మీద కూర్చుని ప్రతి మ మీదా గుడి గీకి తలకట్టు దిద్దాం.

నిన్న బయటపెట్టిన ఫోన్ పేరు "మడత". మీవాడు గెలిచాడమ్మా.

మీ
ప్రకటనల అధికారి

తా.క. అది మడత పడదు. దయచేసి మీ వీధిలో చెప్పండి. మోకాలికేసి వంచబోయిన వాళ్ళందరికీ ఎగిరి ముక్కు మీద తగులుతోంది.

*

బాబుగారు పదికాలాలు చల్లగా ఉండాలి.

తమ్ముడు నా బండి పక్కనే, వీధంతా చూస్తుండగా, స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "నేను కొట్టిన దోమకు నా మీసం పోవడమేంటే" అని గొణుగుతూనే ఉన్నాడు. సెలూన్ ఆయన నురగ తుడిచాడు. వీడు ఇటు తిరిగాడు.

మా చిన్నోడికి మేనమామ పోలిక అని అందరూ అనేవారు. ఆ మీసం కింద మూతి ఎలా ఉండేదో నేనెప్పుడో మర్చిపోయాను. అచ్చం వాడే బాబూ. నవ్వు ఆపుకుంటే పక్కకు పోయే ఆ పెదవితో సహా.

"ఒకసారి నవ్వరా" అన్నాను.

"ఏం చూసి నవ్వనే?"

"ఓడావుగా. నవ్వు."

నవ్వాడు. నా చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే ఉండిపోయింది. దర్జీ చొక్కా మాడింది.

ఇట్లు,
గెలిచిన చిన్నోడి అమ్మ

తా.క. తమ్ముడు మీసం మళ్ళీ పెంచుతాడట. వచ్చే ఏటి ఫోన్ పేరేంటో నాకొక్కదానికే ముందుగా రాయండి. పందెం కట్టాలి. చదివి చించేస్తాను.