క్లాసులో నీ కల

నన్ను కన్న అవ్వా,

నువ్వు పోయిన రెండేళ్లకు, ఈరోజే కరీంనగర్ కాలేజీలో నా మొదటి పాఠం. కలల్లో ఆడవాళ్ల కోరికలు ఎలా బయటపడతాయో చెప్పాలి. ఎంత చెప్పినా పిల్లలు దిక్కులు చూశారు. ఈ ఉద్యోగం నాకు చేతకాదేమో అనిపించింది.

పుస్తకం మూసేసి, నువ్వు బీడీలు చుడుతూ చెప్పే కల చెప్పాను. బాపు పొయ్యి ఊదుతుంటాడు. నువ్వు మంచం మీద కాళ్లు చాపుకొని, "ఇంకైతలేదా? ఆకలైతాంది!" అంటుంటావు.

క్లాసంతా గొల్లున నవ్వింది. "మా అవ్వకు సుత గిదే కల రావాలె మేడం!" అని ఒకమ్మాయి అరిచింది. ఇక అందరూ మాట్లాడేవాళ్లే. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

"ఇంతకు మీ అవ్వ తిన్నదా మేడం?" అని వెనక బెంచీ పిల్ల అడిగింది.

నువ్వెప్పుడూ అన్నం రాకముందే మేల్కొనేదానివి.

"తిన్నది," అన్నాను. "మల్లొకసారి పెట్టిచ్చుకొని తిన్నది."