ఒక్క కోకో కాయ

2003 మే, శనివారం

బుజ్జప్పా, నువ్వు హిందూపురం బస్సు పైన వేసుకొచ్చి మన కొబ్బరి చెట్ల కింద నాటిన కోకోలో ఒక్క చెట్టే మిగిలింది. దానికి ఒక్కటే కాయ. ఈ రోజు అది పండింది.

మిగతావి మా వల్లే ఎండిపోయాయి. పోయిన ఎండాకాలం నువ్వు పోయినప్పుడు, వచ్చినవాళ్ళకి వాకిట్లో పందిరి వేయాలని కొబ్బరి మట్టలు కొట్టించాం. వాటి నీడలోనే నీ కోకో బతుకుతోందని ఎవరికీ గుర్తు రాలేదు. మునుపటిలా వానలు పడుంటే కొబ్బరి మళ్ళీ మట్టలు వేసేది. రెండేళ్ళుగా సరైన వాన లేదు. ఎండ కూడా నా కాపురం కొత్తలో ఉన్నట్టు లేదు. కోకో ఆకులు చెట్టు మీదే మాడిపోయాయి. మిగిలిన ఈ ఒక్కదానికి నా పాత చీర కట్టి నీడ చేశాను.

పొద్దున మీ నాయన, "బోర్లో నీళ్ళు ఆవులకే చాలకుండాయి. ఈ చెట్టు పీకేస్తా," అన్నాడు.

"కాయ కోసినాక పీకుదువులే," అన్నాను. ఏడుపు రాలేదు. ఈ మధ్య రావడం లేదు.

సాయంత్రం కాయ పగలగొట్టాను. నువ్వు చెప్పినట్టే లోపల తెల్లటి గుజ్జు. మీ నాయన ఒక గింజ చప్పరించి, "సీతాఫలం మాదిరి ఉండాదే. వాడు చెప్తే నేను నగితిని," అన్నాడు. ఆ తర్వాత ఆవుల తొట్టిలో బిందె ముంచి చెట్టు మొదట్లో పోశాడు.

రేపు పోస్తాడో లేదో...

మిగతా గుజ్జంతా గిన్నెలో వేసి నీ పటం ముందు పెట్టాను. ఎప్పుడూ సగం తిని లేచేవాడివి. ఇదైనా కడుపు నిండా తిను నాయనా.