అమ్మ చెప్పని ఓటీపీ

జహీరాబాద్,
బుధవారం.

చి. మహిధర్‌కు అమ్మ ఆశీస్సులు.

నాలుగు రోజులుగా నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు కనుక ఉత్తరం రాస్తున్నాను. దీన్ని కట్ చేయడానికి బటన్ ఉండదు.

నా దగ్గర ఉంటున్న నీ కూతురు అలేఖ్య ఎంటెక్ కౌన్సెలింగ్‌కు నా ఫోన్ నంబరు ఇచ్చింది. ఎందుకో నేను అడగలేదు. పాస్‌వర్డ్ తెలుసు కదా అని నువ్వు పుణెలో కూర్చొని, ఆమె ఆప్షన్లలో మొదట పెట్టుకున్న వరంగల్ పవర్ ఎలక్ట్రానిక్స్‌ను కిందికి దించి, పిల్ల సాయంత్రానికి ఇల్లు చేరగలిగే కాలేజీని పైకి తేబోయావు. ఓటీపీ నాకు వచ్చింది.

"అమ్మా, జర ఆ నంబర్ చెప్పు."

"ఎవరడిగినా చెప్పొద్దన్నవ్ గద?"

"నేను మహిధర్‌ని."

"ఎట్ల నమ్మాలె?"

"గొంతు గుర్తుపట్టవా?"

"గొంతులు గూడ మారుస్తరని మొన్ననే గంటసేపు చెప్పినవ్ బిడ్డా."

అంతలో ఆప్షన్లు మార్చుకునే గడువే ముగిసింది. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. చెప్పింది పాటించిన విద్యార్థి మీద ఇంత కోపం ఎక్కడా చూడలేదు.

వరంగల్‌లో సీటు వచ్చింది. మొన్న ఝరాసంగం నుంచి కరెంటు ఆటోలో వస్తూ పిల్ల, బ్యాటరీ కరెంటు మోటారును ఎలా తిప్పుతుందో డ్రైవర్‌కు వివరించింది. మా గల్లీ దాటిపోయినా ఇద్దరికీ తెలియలేదు.

హాస్టల్ ఫారం ఇందులో పెట్టాను. నా సంతకమైనా చెల్లుతుందన్నారు. పిల్ల మాత్రం "డాడీయే చెయ్యాలె నానమ్మా, లేకుంటే నేను పోను" అని పెట్టె కూడా సర్దకుండా కూర్చుంది. వచ్చే శనివారం ఆఖరు. ఈ మొండితనం ఎవరిదో నేను రాయను.

పెన్ను మూత తియ్యి.

మీ అమ్మ