సుమెదాంగ్ నుంచి వచ్చిన క్యాసెట్టు

ఉజుంగ్‌బెరుంగ్,
3 ఆగస్టు 1999

ప్రియమైన నినింగ్ అక్కకు,

నీ తమ్ముడు హెందీ పోయి పద్నాలుగు నెలలు. ఇన్నాళ్లూ పలకరించనివాణ్ణి ఇప్పుడు ఉత్తరం రాస్తున్నానంటే ఏదో అవసరం పడిందనుకుంటావు. నిజమే.

మొన్న సుమెదాంగ్ నుంచి నా పత్రికకు ఒక క్యాసెట్టు వచ్చింది. కొత్త మెటల్ రాక్ ఆల్బమ్‌లు విని, "ఇవి కొనండి, పెద్ద కంపెనీల అండ లేని మనవాళ్లను బతికించండి" అని నేను నెలనెలా రాస్తానని నీకు తెలుసు. జిరాక్సు తీసి పంచే ఆ నాలుగు కాగితాల్ని నమ్మి జావా అంతటా కొంటారు. నేను వద్దన్నానా, ఆ బ్యాండ్ పని అయిపోయినట్టే.

రెండో పాట మొదలవగానే నోటిదాకా వచ్చిన టీ గ్లాసు ఆగిపోయింది. అది మన హెందీ బాణీ. పోలిక కాదక్కా, అదే! దారం మిల్లులో చిటికెన వేలు నలిగాక వాడు గిటార్ మీద ఒక స్వరం అందుకోలేక కుంటుతూ దాటేసేవాడే, ఆ కుంటు కూడా అలాగే ఉంది. పది వేళ్లూ బాగున్నవాడు అలా ఎందుకు వాయిస్తాడు? అట్ట మీద ఎక్కడా వాడి పేరు లేదు. పోయినవాడి సొత్తు కదా, అడిగే దిక్కు ఉండదనుకున్నారు.

నలభయ్యో రోజు ప్రార్థనకు వచ్చినవాళ్లలో ఎవరైనా వాడి గదిలోకి వెళ్లారా? వాడి క్యాసెట్లన్నీ ఉన్నాయా? చూసి వెంటనే రాయి.

నీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
యానా


ఉజుంగ్‌బెరుంగ్,
19 ఆగస్టు

అక్కా,

నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆగలేక ఆదివారం నేనే సుమెదాంగ్ వెళ్లాను. ఆ బ్యాండ్‌లో పాడేవాడి పేరు మమన్. బస్టాండు పక్కన కొట్లో తోఫు ముక్కలు నూనెలో వేయిస్తాడు. నా పేరు చెప్పగానే వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"రెండో పాట ఎవరు కట్టార్రా?" అన్నాను.

"మేమే... అంటే, వాయించింది మేమే అన్నా."

"వాయించిన సంగతి కాదు, కట్టిందెవరు?"

"తోఫు చల్లారిపోతోంది. మిరపకాయ నంజుకుని తినన్నా."

వెనక డ్రమ్ములవాడు కిసుక్కున నవ్వాడు. "ఈయనేనా ఆ యానా? రాతలు చూసి ఇంకా పెద్ద మనిషనుకున్నా!"

మమన్ వాడి కాలు తొక్కడం నా కంటబడింది. "ఒకరికి మాటిచ్చామన్నా. ఎవరికీ చెప్పం. నీకైతే అసలే చెప్పం."

నాకైతే అసలే చెప్పరట! నిజాయితీ ఉన్నవాడు ఇలా నీళ్లు నములుతాడా? "వీళ్లు దొంగలు, ఈ క్యాసెట్టు ముట్టుకోకండి" అని రాసేశాను. శనివారం జిరాక్సుకు వెళుతుంది.

నాకింత పట్టుదల ఎందుకో కూడా నీకు చెప్పాలి. రెండేళ్ల కిందట హెందీ తన ఆల్బమ్ నా చేతికే ఇచ్చాడు. నేను ఒక్క ముక్కా రాయలేదు. "స్నేహితుణ్ణి పొగిడాడంటార్రా, వచ్చే నెల చూద్దాం" అన్నాను. అది అబద్ధం. వాడి బ్యాండ్‌లో మొదట గిటార్ వాయించింది నేనే. "నీది మొద్దు చెయ్యి యానా. కానీ నీ చెవిలాంటి చెవి ఇంకొకరికి లేదు" అని నవ్వుతూనే నన్ను తీసేశాడు. ఆ ఆల్బమ్ బాగా లేకపోతే బాగుండునని విన్నాను. బాగుంది. అదే నేను ఓర్చుకోలేకపోయాను. నేను రాయలేదు, ఎవరూ కొనలేదు. ఇక వాడికి నేను చేయగలిగింది ఈ దొంగల్ని పట్టివ్వడమే.

సిగ్గుతో,
యానా


చిబిరు,
21 ఆగస్టు

యానాకు,

ఉత్తరాలు రెండూ అందాయి. మొదటిదానికి కావాలనే జవాబు రాయలేదు. దొంగవి నువ్వేనని నా అనుమానం. ఆల్బమ్ తొక్కిపెట్టి, వాడు పోయాక ఆ బాణీలకు నీ పేరు తగిలించుకుంటావనుకున్నాను. క్యాసెట్లన్నీ ఉన్నాయా అని నువ్వు అడిగితే, నా దగ్గర ఏం మిగిలిందో కూపీ లాగుతున్నావనిపించింది.

నెలనెలా నీ పత్రిక రాగానే వాడు వెనక పేజీ దాకా తిరగేసి మడిచి పెట్టేవాడు. "వచ్చే నెల వేస్తాడులే అక్కా, యానాకు ఊపిరాడని పని" అనేవాడు. నీ మీద ఒక్క మాట పడనిచ్చేవాడు కాదు.

ఆ పాట మమన్‌కు ఇచ్చింది నేనే. వాడు హెందీ దగ్గర గిటార్ నేర్చుకున్న కుర్రాడు. అట్ట మీద పేరు వెయ్యొద్దని ఒట్టు వేయించుకున్నదీ నేనే. పేరు చూస్తే మళ్లీ పక్కన పడేస్తావని. పేరు లేకపోతేనైనా వింటావని.

విన్నావు. గుర్తుపట్టావు. నువ్వు దొంగవి కావని ఇప్పుడు తెలిసింది. మంచివాడివని మాత్రం అనలేను. ఆ కుర్రాళ్ల మీద రాసింది ముందు ఆపు.

నినింగ్


ఉజుంగ్‌బెరుంగ్,
14 సెప్టెంబరు

నినింగ్ అక్కా,

నీ ఉత్తరం అందేసరికి మంగళవారం అయింది. పంచాల్సినవి ఇంట్లోనే ఉన్నాయి, కాల్చేశాను. పదకొండు మాత్రం అప్పటికే పోస్టులో సురబాయా వెళ్లిపోయాయి. ఆ పదకొండు మందికీ విడివిడిగా, తప్పు నాదని నా చేత్తో రాశాను.

కొత్త సంచికలో ఒకే ఒక్క ఆల్బమ్, సుమెదాంగ్ వాళ్లది. రాసింది పట్టుకెళ్లి మమన్‌కు చూపించి క్షమించమన్నాను. నూనె చేతులు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

"అన్నా, ఇందులో మా పాటలు రెండు లైన్లు, నీ ఏడుపు పేజీన్నర. ఇది చదివి క్యాసెట్టు ఎవరు కొంటారు?"

అక్కడే బల్ల మీద కూర్చుని మళ్లీ రాశాను. ఈసారి పాటల గురించే. రెండో పాట దగ్గర, కట్టింది రొహెందీ అని వాడి పూర్తి పేరు రాశాను. ఇన్నేళ్లలో ఎన్నెన్ని పేర్లు వేశానో! ఆ పేరు వేయడం ఇదే మొదలు.

నిన్న చిలెన్యీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. "ఈ రొహెందీ అన్న ఇంకేమైనా చేశాడా?" అని అడిగింది. ఒక ఆల్బమ్ ఉంది, వినితీరాలి అన్నాను. ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

అమ్ముడుపోని ఆ క్యాసెట్లన్నీ నీ దగ్గరే ఉన్నాయి. ఆ అమ్మాయికి ఏం చెప్పమంటావక్కా?

నువ్వు ఏమన్నా పడే,
యానా