సీతారత్నం గారి భుజాన పచ్చ శాలువా

పాతరేవు

ఖైరున్నీసాకు నబీసాబ్ సలాం.

ఈ సముద్రం ఒడ్డు ఊళ్లో, మున్సిపాలిటీ తోటలో మాలీ పని బాగానే ఉంది. ఒకప్పుడు ఇదంతా ఉప్పు నేలట. గాలి లేస్తే ఇసుక జనం అన్నంలో పడేదట. సీతారత్నం గారే బండ్లతో ఎర్రమట్టి తోలించి, సరుగుడు చెట్లు అడ్డం పెట్టించి, ఇంత తోట లేపింది. అలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు. పొద్దున్నే ముందు ఆమె దగ్గరికే పోతాను.

ఉంటాను,
నబీసాబ్

తా.క.: నేను "జర ఆగుండ్రి" అంటే ఇక్కడ అందరూ నవ్వుతారు. సీతారత్నం గారు మాత్రం ఒక్కసారి కూడా నవ్వలేదు.

చిట్యాల

మన మున్నా అబ్బాకు సలాం.

ఫోన్ చేస్తే అత్తమ్మ పక్కనే కూర్చుని "ఏమంటుండు, ఏమంటుండు?" అంటుంది. అందుకే రాస్తున్నాను. పొద్దున్నే ఆమెతో ఏం పని? పెరట్లో నా గోరింట చెట్టు ఎండిపోతుంటే చెంబెడు నీళ్లు పోయలేదు. ఆమె తోటకు మాత్రం బిందెలు మోస్తున్నావా? ఆమెకు మొగుడు లేడా?

కడుపు మండుతున్న
ఖైరున్నీసా

తా.క.: ఆమె వయసెంతో రాయి.

పాతరేవు

ఖైరూ,

కోపమెందుకే? మొగుడు ఎప్పుడో పోయాడు. పెద్దింటి మనిషి. నేనేమన్నా ఎదురు మాట్లాడదు. ఉప్పుగాలికి ముఖం నల్లబడుతోందని రోజూ నేనే కడుగుతున్నాను. నిన్న వానలో తడుస్తుంటే చూడలేక, నువ్వు అంచు కుట్టిచ్చిన పచ్చ శాలువా కప్పాను. దర్గాలో చాదర్ కప్పినంత మర్యాదగానే కప్పానులే.

నీ మీద ఒట్టు, నీవాడినే,
నబీసాబ్

తా.క.: వయసు తెలియదు. చూస్తే నలభై దాటినట్టుండదు.

చిట్యాల

మున్నా అబ్బాకు,

ఆమె రాతిబొమ్మ అని మొదటి ఉత్తరానికే తెలిసిపోయింది. నీ మాటలకు నవ్వకుండా ఉండే మనిషి ఈ భూమ్మీద లేదు. తెలియనట్టు ఎందుకున్నానంటావా? ఫోన్‌లో "బర్రె ఈనిందా, అమ్మ గోలీలు ఏసుకున్నదా" అని అడిగి పెట్టేసేవాడివి. కోపం చేస్తే ఇంత పొడుగు ఉత్తరం వచ్చింది. నిఖా అయినప్పటి నుంచి నన్ను "ఖైరూ" అని పిలవడం ఇదే మొదలు.

కానీ ఆ శాలువా మాట చదివాక ముద్ద దిగలేదు. రాయి అని తెలిసి కూడా కుళ్లుకున్నాను. నాకు జ్వరం వచ్చినప్పుడు ఎన్నడన్నా ముఖం కడిగావా?

ఖైరూ

తా.క.: అత్తమ్మను ఆడబిడ్డకు అప్పగించి, మున్నాను వెంటబెట్టుకుని బస్సెక్కుతున్నాను. ఇక ఆమె ముఖం నేను కడుగుతాను, నా ముఖం నువ్వు కడుగు. శాలువా ఉతికి ఆరేసి ఉంచు.