సంకెళ్ల ముఠాలో చోటు కోరి

న్యూ సౌత్ వేల్స్, కొండల అవతలి మేత భూములు,
జూలై, 1834.

మేజిస్ట్రేటు దొరవారి సముఖమునకు, సముద్రాల అవతలి గాల్వే నుండి ఓడలో పంపబడిన ఖైదీ కోల్మన్ మానియన్, వయసు ఇరవై, కంచె చాటున దొంగతనంగా నడిచే పల్లె బడిలో నేర్చిన నాలుగు అక్షరాలతో స్వయంగా వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: ఒంటరి గుడిసె నుండి తప్పించి, రోడ్డు వేసే సంకెళ్ల ముఠాకు బదిలీ చేయుట గురించి.

పై విషయమై మనవి చేసుకొనునది ఏమనగా:

1. ఆకలికి ఒక గొర్రెను దొంగిలించిన నేరానికి నన్ను ఏడేళ్లకు ఓడ ఎక్కించడమైనది. ఇక్కడికి చేరగానే సర్కారు నన్ను కేటాయించిన యజమాని గారు ఒక మంద మొత్తాన్ని నాకు అప్పగించినారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టున్న ఈ ఏర్పాటుపై నాకు ఫిర్యాదు లేదు. గొర్రెలు మంచివే. మాట్లాడవు, అంతే.

2. గుడిసెలో వంట చేసి, రాత్రిళ్లు దొడ్డి కాసే ముసలాయన థేడీ గెరాటీ నాకు తోడుగా ఉండేవాడు. మా గాల్వే వాడే. నేను టీ కాచిన రోజున, "ఒరే కోల్మనూ, ఇది టీయా, గొర్రెలు కడిగిన నీళ్లా?" అని తిట్టేవాడు. చలి మొదలవగానే దగ్గుతో మంచం పట్టాడు. "నన్ను కుక్కని పూడ్చినట్టు పూడ్చేయకురా. మనోళ్లని పిలువు. ఏడ్చేవాళ్లు ఏడవాలి, చుట్ట కాల్చేవాళ్లు కాల్చాలి" అని నా చేత మాట తీసుకుని చనిపోయాడు.

3. మా దేశంలో శవాన్ని ఒంటరిగా వదలరాదు. జనం లేకుండా పూడ్చనూరాదు. ఉన్నది నేనొక్కడిని. శవం దగ్గర కూర్చుంటే జనాన్ని పిలిచేదెవరు? పిలవడానికి పోతే కూర్చునేదెవరు? ఎంతో ఆలోచించి, చివరికి మంద కాసే కుక్కను తలాపున కూర్చోబెట్టి పోయాను. చుట్టుపక్కల మేత భూముల్లోని మావాళ్లు ముగ్గురు కబురు వినగానే లేచి వచ్చారు. తత్కారణముగా నాలుగు మందలకు కాపరులు లేకపోయిరి. అడవికుక్కలు గొర్రెలను తిన్న మాట వాస్తవము.

4. యజమాని గారి మేస్త్రీ వచ్చేసరికి మేము శవం చుట్టూ కూర్చుని ఏడుస్తూ, మధ్యలో థేడీ గొంతును అనుకరిస్తూ ఒకరినొకరు తిట్టుకుని నవ్వుతూ ఉన్నాము.

"ఏంట్రా ఇది, తిరుగుబాటా?" అన్నాడు.

"కాదు దొరా, చావు."

"చావైతే ఆ ఇకిలింపులేంట్రా?"

పోయినవాణ్ణి ఏడుస్తూ నవ్వుతూ సాగనంపడం మా ఆచారమని మేము చెప్పిన జవాబు ఆయనకు అర్థం కాలేదు. తరువాత కచేరీలో తమకూ కాలేదు. అక్రమంగా గుమిగూడినామని నేరం మోపి కొరడా దెబ్బలు వేయించడమైనది. దెబ్బలపైనా నాకు ఫిర్యాదు లేదు.

5. ఫిర్యాదు ఏమనగా, ఆ ముగ్గురూ నా గుడిసె ఛాయలకు రాకూడదని ఉత్తర్వు చేసినారు. థేడీ స్థానంలో ఎవరినీ వేయలేదు. సరుకులు తెచ్చే బండివాడు మూట పడేసి, "ఇంకా బతికే ఉన్నావా?" అని, నేను నోరు తెరిచేలోగా బండి తిప్పేస్తాడు. మొన్న నాతో నేనే ఏదో మాట్లాడబోతే మాట బయటికి రాలేదు. భయం వేసింది అయ్యా. ఇక్కడ నేను చస్తే నా కోసం ఏడవడానికి ఎవరున్నారు?

6. సంకెళ్ల ముఠాలో పొద్దంతా రాళ్లు కొట్టాలని, ఇనుము చీలమండల్ని కోసేస్తుందని నాకు తెలియును. అయినా గొలుసుకు అటు చివర ఒక మనిషి ఉంటాడు. తిట్టినా సరే, ఏదో ఒకటి అంటాడు.

కావున నన్ను ఆ శిక్షకు అర్హునిగా ఎంచి, ఈ మనవిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కోల్మన్ మానియన్

తా.క. ముఠాలో ఖాళీ లేని పక్షంలో నాకు మళ్లీ కొరడా దెబ్బలైనా వేయించండి. పోయినసారి కొట్టినవాడు మావైపు వాడే. నా చేతుల కట్లు విప్పుతూ మా భాషలో, "ఎవరి పిల్లోడివిరా?" అని అడిగాడు. బ్రిజిడ్ కొడుకునన్నాను. "ఏ బ్రిజిడ్? రేవు దగ్గర వలలు అల్లే బ్రిజిడేనా?" అన్నాడు. ఔననేలోగా నన్ను పక్కకు లాగేశారు. ఔనన్న ఆ ఒక్క మాట చెప్పి వచ్చేస్తాను.